జ్వరం విడిచిన రోజు

ఆ రోజు నేను తప్పు చేసింది ఫోనులో. మా బావగారు అక్కను ఆటోలో పడుకోబెట్టుకుని గుండుగొలను సెంటరు దాకా వచ్చారు. ఏలూరు తీసుకెళ్ళమంటారా, మీ తాడేపల్లిగూడెం తీసుకురమ్మంటారా అని నన్ను అడిగారు. రెండూ వద్దు, ఇంటికి తీసుకెళ్ళిపోండి అన్నాను. జ్వరం విడిచింది కదా, ఇంక ఆస్పత్రి ఎందుకు, పథ్యం పెట్టండి అన్నాను.

అక్క బతికింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అక్క బతకడం వల్లే నా తప్పు దాచుకోవడం నాకు అంత సులువైంది. మనిషి దక్కాక ఎవరు ఏమన్నారని పెద్దగా ఎవరూ ఆరా తియ్యరు. తీసినవాళ్ళకు మా బావగారు కనిపించారు. నేను కనిపించలేదు.

నేను తాడేపల్లిగూడెంలో ఇంటర్మీడియట్ పిల్లలకు జువాలజీ చెబుతాను. అక్కది గుండుగొలనుకు దిగువన, కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊరు. బావగారు అక్కడ చేపల చెరువు కౌలుకు చేస్తారు. మా నాన్న మిషన్ బళ్ళో టీచరు. ఆయన చదువు నాకు వచ్చింది. అక్కకు పదో తరగతితో పెళ్ళయిపోయింది. అందుకని ఇంట్లో ఎవరికి ఒంట్లో ఏ నలత వచ్చినా మొదటి ఫోను నాకే. కప్పను కోసి గుండె చూపించేవాడికి మనిషి సంగతి తెలియదా అని మా అమ్మ ధీమా. ఆ ధీమా తప్పని నేను ఎప్పుడూ చెప్పలేదు. "నాకు తెలీదమ్మా, డాక్టర్ని అడగండి" అన్న మాట నా నోటికి అలవాటు కాలేదు. తెలీదని అంటే పలచనైపోతానేమోనని భయం.

అంతకు ముందు ఏడాది వానాకాలంలో అక్కకు డెంగ్యూ వచ్చింది. ఏలూరులో పరీక్ష చేయించి, డాక్టరు చెప్పినట్టు నీళ్ళూ మజ్జిగా తాగుతూ ఇంట్లోనే తేరుకుంది. తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి వాళ్ళింటి వరండాలో కూర్చున్నప్పుడు అడిగింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ మాయదారి జ్వరం మళ్ళీ వస్తుందంటావా?"

"రాదక్కా. ఒకసారి చూసిన దొంగని పోలీసు మర్చిపోతాడా? నీ రక్తంలో ఇప్పుడు దాన్ని గుర్తుపట్టే కణాలు తయారయ్యాయి. మళ్ళీ వస్తే గుమ్మంలోనే పట్టేసుకుంటాయి."

బావగారు నవ్వారు. "అయితే దోమలు ఇంక మీ అక్క జోలికి రావన్నమాట. రేపట్నుంచి ఫ్యాను నావైపు తిప్పుకుంటానండీ."

"తిప్పుకోండి, తిప్పుకోండి. నాకు మా తమ్ముడి గ్యారంటీ ఉంది" అంది అక్క.

నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. చాలా జబ్బుల విషయంలో అది నిజమే, ఏటా క్లాసులో చెప్పే పాఠమే. డెంగ్యూ దగ్గర ఆ పాఠం అడ్డం తిరుగుతుందని కూడా నేను వినకపోలేదు. లెక్చరర్ల ట్రైనింగులో ఒకాయన వివరంగా చెప్పారు. అది పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు కాబట్టి నేను రాసుకోలేదు, గుర్తూ పెట్టుకోలేదు.

మరుసటి ఏడు వానలకు అక్కకు మళ్ళీ జ్వరం వచ్చింది. ఫోను చేసి, "కళ్ళ వెనకాల లాగేస్తోందిరా, పోయినేడు లాగే ఉంది. రక్తం పరీక్ష చేయించుకోనా?" అంది.

"నీకు వచ్చేసింది కదక్కా. ఇది మామూలు వైరల్ జ్వరం. పారాసిటమాల్ వేసుకుని పడుకో."

పడుకుంది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు పరీక్ష చేయిద్దామంటే, "మా తమ్ముడు వద్దన్నాడండీ" అందట. అది నాకు తర్వాత తెలిసింది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున చెమటలు పట్టి జ్వరం విడిచింది. మావైపు ఇళ్ళల్లో జ్వరం విడిచిన రోజంటే చిన్న సంబరం. తడిబట్టతో ఒళ్ళు తుడుస్తారు, ఉతికిన చీర కట్టిస్తారు, పాతబియ్యం మెత్తగా వండి మిరియాల చారుతో పథ్యం పెడతారు. ఆ ముద్ద కడుపులో పడిందంటే జబ్బు పోయినట్టే. అక్కకు ఆ ముద్ద ఇమడలేదు. కక్కేసింది. కాసేపటికి మళ్ళీ కక్కి, కడుపులో నొప్పిగా ఉందని ముడుచుకుని పడుకుంది.

ఆ రోజే వాళ్ళ చెరువులో చేపల పట్టుబడి. వలలవాళ్ళు వచ్చేశారు, కైకలూరు నుంచి ఐసుతో లారీ బయల్దేరింది. బావగారు ఆ పనంతా కూలీలకు వదిలేసి అక్కను ఆటో ఎక్కించారు. జాతీయ రహదారి మీదికి వచ్చాక, ఇటా అటా అని నాకు ఫోను చేశారు.

నేను స్టాఫ్‌రూమ్‌లో క్యారేజీ విప్పుకుని కూర్చున్నాను.

"మాస్టారూ, గుండుగొలను సెంటర్లో ఉన్నామండీ. మీ అక్కకి ఏం బాలేదు. ఏలూరు తిప్పమంటారా, మీ గూడెం వచ్చేయమంటారా?" బావగారు నన్ను సగం వేళాకోళంగా, సగం గౌరవంగా మాస్టారూ అనే పిలుస్తారు.

"జ్వరం ఎంతుందండీ?"

"జ్వరం లేదండీ, పొద్దున్నే విడిచింది. కడుపునొప్పి అంటోంది. పిలిస్తే సరిగా పలకట్లేదు."

"జ్వరం విడిచాక నీరసం ఉండదా బావగారూ? ఇన్నాళ్ళూ తిండి లేదాయె. రెండు పూటలు పథ్యం పడితే అదే సర్దుకుంటుంది."

"అది కాదండీ, చేతులూ కాళ్ళూ చల్లగా..."

"జ్వరం ఉన్నప్పుడు వేడిగా ఉన్నాయన్నారు, లేనప్పుడు చల్లగా ఉన్నాయంటున్నారు. మరెలా ఉండాలండీ అవి?"

పక్కన భోంచేస్తున్న ఫిజిక్స్ మాస్టారు పకపకా నవ్వారు. ఆయన వింటున్నారని నాకు తెలుసు. ఆ మాట నేను మా బావగారి కోసం అనలేదు, ఫిజిక్స్ మాస్టార్ని నవ్వించడానికి అన్నాను. ఇన్నాళ్ళయినా ఆ రోజు గుర్తొస్తే నాకు ముందు వినపడేది ఆ నవ్వే.

"పట్టుబడి వదిలేసి వచ్చారా? వెళ్ళిపోండి. అక్కని పడుకోనివ్వండి, లారీవాడు మీకోసం ఆగడు" అన్నాను.

అవతల లారీల హారన్లు మోగుతున్నాయి. "సరేనండీ. మీరే చెప్పాక ఇంకేముంది" అని బావగారు ఫోను పెట్టేశారు.

నేను క్యారేజీ ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని క్లాసుకు వెళ్ళాను.

సాయంత్రం కాలేజీ వదిలే వేళకు మళ్ళీ ఫోను. "ఏలూరు ఆస్పత్రిలో చేర్చానండీ. ఈసారి మిమ్మల్ని అడగలేదు. ఏమనుకోకండి."

నేను వెళ్ళేసరికి అక్క కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు తెల్లబడి, ముక్కు మొనదేలి, వేరే ఎవరో పడుకున్నట్టుంది. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చెమటగా ఉంది. ఆ చల్లదనం మీదే కదా నేను మధ్యాహ్నం హాస్యమాడాను.

డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి. పేషెంటు భర్త ఎవరని అడిగి బావగారి మీద పడింది.

"జ్వరం ఎప్పుడు తగ్గింది?"

"పొద్దున్నండీ."

"అప్పట్నుంచీ కడుపునొప్పి, వాంతులూ ఉంటే ఇప్పుడా తీసుకొచ్చేది? బీపీ పడిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో కూడా ఉండేది కాదు. ఇంతసేపూ ఏం చేస్తున్నారండీ?"

బావగారి చొక్కా చేతుల మీద చేప పొలుసులు ఎండి అంటుకుపోయి ఉన్నాయి. ఆమె వాటి వైపే చూస్తోంది.

"చెరువు దగ్గర పనుందండీ" అన్నారు బావగారు.

"బాగుంది. మీకు పెళ్ళాం కన్నా చేపలు ఎక్కువ."

బావగారు ఒక్కసారి నావైపు చూశారు. నేను సెలైన్ సీసా వైపు చూశాను. 'ఆయన దారిదాకా తీసుకొచ్చారండీ, వెనక్కి పంపింది నేను' అనడానికి ఒక్క ఊపిరి చాలు. చుక్కలు పడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఆమె నన్ను ఏం చేస్తారని అడిగింది. జువాలజీ లెక్చరర్‌నని చెప్పాను. ఆమె గొంతు మారిపోయింది. "అయితే మీకు అర్థమవుతుంది సార్" అని, ఇంతకుముందు డెంగ్యూ వచ్చిందా అని అడిగింది. పోయినేడు వచ్చిందన్నాను.

"అదే సార్. రెండోసారి కాబట్టే ఇంత."

ఆమె చెప్పింది ఇదీ. డెంగ్యూ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే, ఆ రకం మీద మనకు గట్టి రక్షణ ఉంటుంది. మిగతా వాటి మీద కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం ఒంట్లోకి వస్తే, మొదటిసారి తయారైన యాంటీబాడీలు దాన్ని అంటుకుంటాయి గాని పని పట్టలేవు. యాంటీబాడీ అంటుకున్న దేన్నయినా మింగి అరిగించుకోవడం మాక్రోఫేజులనే తెల్లకణాల పని. అవి దీన్నీ మింగుతాయి. కానీ డెంగ్యూ వైరస్ బతికేదీ పెరిగేదీ అలాంటి కణాల్లోనే. పట్టుకోవలసినవాడే చెయ్యి పట్టి ఇంట్లోకి తీసుకెళ్ళినట్టు, యాంటీబాడీ దాన్ని సరిగ్గా దానికి కావలసిన చోటుకే చేరుస్తుంది. మొదటిసారి కన్నా ఎక్కువ కణాల్లో, ఎక్కువ వైరస్ తయారవుతుంది.

అప్పుడు టి కణాలు లేస్తాయి. ముందే తయారై ఉన్నవి కాబట్టి తొందరగా, మందగా వస్తాయి. వాటికి గుర్తున్నది పాత రకం. కొత్త రకాన్ని సరిగా పోల్చుకోలేకపోయినా, వైరస్ ఉన్న కణాల మీద పడతాయి. అవీ, మాక్రోఫేజులూ కలిసి, ఇతర కణాలను పిలిచే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. కొంచెమైతే మంచిదే. మితిమీరితే సన్నటి రక్తనాళాల గోడలు వదులైపోతాయి. రక్తంలోని నీరు పొట్టలోకీ, ఊపిరితిత్తుల చుట్టూ ఊరిపోతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడి, గుండెకు చాలక, చేతులూ కాళ్ళూ చల్లబడతాయి. వైరస్ తగ్గుముఖం పట్టి జ్వరం దిగే వేళా, ఈ ఊరడం మొదలయ్యే వేళా దాదాపు ఒకటే.

"రెండోసారి వచ్చిన అందరికీ ఇలా అవదు సార్. చాలామంది మామూలుగానే తేరుకుంటారు. ఎవరికవుతుందో ముందు తెలీదు. అందుకే జ్వరం తగ్గిన రోజున మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. మనవాళ్ళు ఆ రోజే పథ్యం పెట్టి పడుకోబెట్టేస్తారు. చదువుకోనివాళ్ళకి ఎలా చెప్పాలో అర్థం కాదు."

"నిజమేనండీ" అన్నాను. అవన్నీ ముందే తెలిసినవాడిలా తలూపుతూనే ఉన్నాను. బావగారు అక్కడే ఉన్నారు.

తర్వాతి రోజుల్లో అక్కకు సెలైన్ లెక్క ప్రకారం ఎక్కించడం, మూత్రం చూడటం, రక్తం ఎంత చిక్కబడిందో మాటిమాటికీ పరీక్ష చేయడం, ఇదే వైద్యం. వైరస్‌కు మందు లేదట. కారిన నీరు మళ్ళీ నాళాల్లోకి తిరిగి వచ్చేదాకా మనిషిని నిలబెట్టుకోవడమే. చూడటానికి వచ్చిన బంధువులకు ఇదేం పట్టలేదు. అందరి నోటా ఒకటే మాట, ప్లేట్‌లెట్లు ఎంతండీ అని. మా పిన్ని బొప్పాయి ఆకు రసం సీసాలో పట్టుకొచ్చి నర్సుతో తగువేసుకుంది.

"డోకు తగ్గని మనిషికి ఇది పట్టిస్తారాండీ?" అంది నర్సు.

"నువ్వు తాగి చూడు, ఎంత బలమో తెలుస్తుంది" అంది పిన్ని. నర్సు నవ్వేసి సీసా కిటికీలో పెట్టింది.

మా అమ్మ మాత్రం నవ్వలేదు. అమ్మ ఉండేది నా దగ్గరే. వచ్చినవాళ్ళందరికీ బావగారికి వినపడేలా చెప్పేది. "గుండుగొలను దాకా తీసుకొచ్చాడంట. లారీ వచ్చేస్తుందని వెనక్కి తిప్పుకెళ్ళిపోయాడంట. చేపలు కుళ్ళిపోతాయి కదమ్మా మరి! నా పిల్ల ఏమైపోతే ఏం?"

బావగారు లేచి మెట్ల మీదికి వెళ్ళి కూర్చునేవారు. నేను అమ్మతో, "ఊరుకోమ్మా, ఇప్పుడెందుకవన్నీ" అనేవాణ్ణి. పెద్దమనసుతో బావను క్షమించినవాడిలా.

అక్క కొంచెం తేరుకుని, దిండు ఆనించి కూర్చున్న రోజున బావగారు గంజి గ్లాసు పట్టుకుని దగ్గరకు వెళ్ళారు. అక్క గ్లాసు అందుకోలేదు. గోడ వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"చేపలు బాగా పడ్డాయాండీ?"

బావగారు "పడ్డాయి" అన్నారు. గ్లాసు బల్ల మీద పెట్టి బయటకు వెళ్ళిపోయారు.

అప్పటిదాకా నాకు తట్టలేదు. గుండుగొలనులో లారీల రొదకు ఆయన ఆటో దిగి, పక్కకు వెళ్ళి నాతో మాట్లాడారు. వెనక్కి వచ్చి, ఇంటికి వెళ్ళిపోదాం అని మాత్రమే అక్కతో అన్నారు. అడిగే ఓపిక అక్కకు లేదు. ఇంటికెళ్ళాక ఆయన చెరువు దగ్గరకు వెళ్ళడం చూసింది. కాబట్టి అమ్మ అనే మాటే అక్కా నమ్ముతోంది. డాక్టరు చేతా, అత్తగారి చేతా ఆయన తిట్లు తింటుంటే చూస్తూ ఊరుకున్నాను సరే. ఇప్పుడు నా నోరు పెగలకపోవడం వాళ్ళిద్దరి కాపురంలోకి వెళ్ళి కూర్చుంది.

బావగారు గేటు బయట టీ బడ్డీ దగ్గర ఉన్నారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"నేనన్నానని ఎందుకు చెప్పలేదండీ?"

ఆయన టీ ఊదుకుంటూ, "మీరు చెబుతారనుకున్నానండీ" అన్నారు.



"దానికి మీరంటే గురి అండీ. మంచాన పడున్న మనిషికి ఆ కాస్తా ఎందుకు తీసెయ్యాలి? నామీద కోపమంటారా, అది కొత్తా ఏమన్నానా. ఇంటికెళ్ళాక నాలుగు గిన్నెలు విసిరేస్తుంది, పోతుంది." నవ్వబోయారు. నవ్వు రాలేదు. "ఈసారి పోయేలా లేదండీ మరి."

నేను పైకి వెళ్ళాను. అమ్మ అక్కకు తల దువ్వుతోంది.

"అక్కా, వెనక్కి తిప్పమన్నది నేను."

"ఏంట్రా?" అంది అమ్మ.

"ఆ రోజు బావగారు గుండుగొలను నుంచి నాకు ఫోను చేశారు. ఏలూరా గూడెమా అని అడిగారు. చేతులు చల్లబడ్డాయని కూడా చెప్పారు. నేనే హాస్యమాడి ఇంటికి పొమ్మన్నాను. లారీ సంగతి ఎత్తింది కూడా నేనే. తర్వాత డాక్టరు ఆయన్ని తిడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను."

అమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది. అక్క నావైపు తిరిగింది.

"ఆటోలో ఇంటికెళ్ళేదాకా ఏడుస్తూనే ఉన్నాన్రా. ఎందుకేడుస్తున్నావే అని ఆయన నా చెయ్యి పట్టుకుంటే విదిలించేశాను. చచ్చిపోతే ఆ విదిలింపుతోనే పోయేదాన్ని." తలుపు వైపు చూస్తూ, "ఆయన్ని పిలు" అంది.

పిలిచాను. ఆయన వచ్చి మంచం పక్కన నిలబడితే, అక్క కాళ్ళు పక్కకు జరుపుకుని చోటిచ్చింది.  గంజి చల్లారిపోయింది. ఆయన అదే గ్లాసు అందించారు, అక్క తాగింది. అమ్మ నన్ను బయటకు తీసుకొచ్చి, "ఇన్నాళ్ళూ అల్లుడి మొహాన నన్ను ఆ మాటలన్నీ అననిచ్చావు కదరా" అంది. నన్ను తిట్టలేదు. ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు.

మర్నాడు డాక్టరు రౌండ్లకు వచ్చినప్పుడు, బావగారు వద్దంటున్నా, ఆమెతోనూ చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది. "ఆ రోజే చెప్పాల్సింది సార్" అంది. బావగారి వైపు తిరిగి, "సారీ అండీ" అంది. "అయ్యో, మీరేం చేస్తారమ్మా" అన్నారాయన.

అక్క ఇంటికి వచ్చాక కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. పాట అయ్యాక, ప్రార్థన అయ్యాక, పాస్టరుగారు, దేవుడు ఈ కుటుంబానికి చదువుకున్న సహోదరుణ్ణి ఇచ్చాడు, ఆయన రెండు మాటలు చెబుతారు అన్నారు. లేచి, ఫోనులో అన్న మాటలు అన్నట్టుగానే చెప్పాను. నవ్వించడానికి అన్నదీ చెప్పాను.  డెంగ్యూ ఒకసారి వస్తే మళ్ళీ రాదని నేను ఈ వరండాలోనే చెప్పాననీ, అది తప్పనీ, రెండోసారి మరింత జాగ్రత్తగా ఉండాలనీ చెప్పాను.

వెనక నుంచి ఒక ముసలమ్మ, "అయితే జ్వరం విడిస్తే పథ్యం పెట్టొద్దా బాబూ?" అంది.

"పెట్టండమ్మా. పెట్టి దగ్గరే కూర్చోండి. కడుపునొప్పి, వాంతులు, చేతులు చల్లబడటం, ఒంటేలు తగ్గడం, మగతగా పడుండటం, చిగుళ్ళ నుంచి రక్తం, ఏది కనపడినా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఎవర్నీ అడక్కండి."

కాలేజీలో ఆ పాఠం వచ్చినప్పుడు ఇప్పుడు డెంగ్యూ గురించి విడిగా చెబుతున్నాను. పరీక్షలో రాదని పిల్లలు గొణుగుతారు. అయినా చెబుతున్నాను.

అక్క నాతో మాట్లాడుతుంది. ఊరి సంగతులూ, కూరల సంగతులూ చెబుతుంది. ఒంట్లో బాగోకపోతే మాత్రం నాకు చెప్పడం మానేసింది. అడిగే హక్కు నాకూ లేదు.

పోయిన వానల్లో వాళ్ళ వీధిలో ఒకావిడకు జ్వరం విడిచి, కడుపునొప్పి మొదలైందని బావగారు ఫోను చేశారు. ఏం చెయ్యమంటారని అడగలేదు. ఏలూరు తీసుకెళ్తున్నాను, ఆవిడ ఇంట్లోవాళ్ళు ఊళ్ళో లేరు, సాయం వస్తారా అని మాత్రమే అడిగారు. సెలవు పెట్టి వెళ్ళాను. ఆమెకు ఇంతకుముందు డెంగ్యూ వచ్చిందా అని డాక్టరు అడిగితే, "నాకు తెలీదండీ, ఆమెనే అడుగుదాం" అన్నాను. వార్డులో చేర్చాక బావగారు చెరువు దగ్గరకు వెళ్ళిపోయారు. ఆమె ఇంటివాళ్ళు వచ్చేదాకా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నర్సు చెప్పినప్పుడల్లా ఆమె చేత నీళ్ళు తాగించాను.